రోడ్డు పక్క గాయపడిన వన్యప్రాణి: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఎండలు ముదిరి కొండల్లో నీటిగుంటలు ఇంకిపోయే రోజులు వచ్చేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. గేదెకు పాలు తగ్గాయనో, కోడిపిల్లలు తూలుతున్నాయనో రాసేవారు తగ్గి, దారిలో దెబ్బతిన్న దుప్పిని చూశామనీ, నక్కను చూశామనీ, ఏం చేయాలో పాలుపోక నిలబడిపోయామనీ రాసేవారు పెరుగుతారు. వెలిగొండల నుంచీ నల్లమల నుంచీ నీటి కోసం చెరువుల వైపు దిగివచ్చే జంతువులకు మన రోడ్లు దాటక తప్పదు కదా. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాను. ఉత్తరాలను కొంత కుదించాను, పేర్లు తీసివేశాను.

ప్రశ్న: డాక్టరు గారూ, గత నెలలో ఒక రాత్రి ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు కారులో వెళ్తుండగా రోడ్డు అంచున ఒక చుక్కల దుప్పి పడి ఉంది. తల ఎత్తుతోంది గాని లేవలేకపోతోంది. మేము దాని నోట్లో సీసాతో నీళ్లు పోశాము. అటుగా వచ్చినవాళ్లు తలా ఒక చెయ్యి వేసి దానిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. పశువుల ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పైకి గాయం పెద్దదిగా కనిపించలేదు. మావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా? (ఒక పాఠకుడు, ఆత్మకూరు)

జవాబు: రాత్రిపూట ఆ దారిలో బండి ఆపి దిగేవారే అరుదు, మీరు దిగారు. సూటిగా అడిగారు గనుక నేనూ సూటిగానే చెబుతాను. ఆ దుప్పి లోపలి రక్తస్రావం వల్ల పోయిందా, మరో కారణం వల్ల పోయిందా అన్నది శవపరీక్ష లేకుండా తేల్చలేము గాని, నీళ్లు పోయడం, పదిమంది పట్టి ఆటోలో ఎక్కించడం రెండూ దానికి చేటు చేసే పనులే.

ముందుగా నీళ్ల సంగతి. జబ్బు చేసిన ఎద్దుకు వెదురుగొట్టంతో కషాయం తాగించడం చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి, పడిపోయిన జంతువు కనబడగానే మన చెయ్యి సీసా మూత మీదికి పోతుంది. దెబ్బ తగిలి సగం స్పృహలో ఉన్న జంతువుకు మింగే శక్తి ఉండదు. పోసిన నీళ్లు ఊపిరిగొట్టంలోకి జారతాయి. దుప్పి నెమరువేసే జంతువు కూడాను. అది చాలాసేపు పక్కకు వాలి పడి ఉంటే పొట్టలో గ్యాసు పోగై ఊపిరితిత్తులను నొక్కుతుంది, లోపలి మేత గొంతులోకి ఎగదన్నుతుంది. అప్పుడు నీళ్లు కూడా పోస్తే ఊపిరి ఆడే దారి మూసుకుపోయినట్లే. గంటసేపు నీళ్లు తాగకపోవడం వల్ల ఏ దుప్పీ చావదు.

రెండవది భయం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైకి గాయం కనిపించకుండా పోయిందని మీరు రాశారు. జింక జాతి జంతువుకు మనిషి చెయ్యి తగలడమంటే చిరుతపులి పంజా తగలడమే. అది పరుగెత్తాలని తన్నుకుంటుంది, పరుగెత్తడానికి వీలుండదు. ఆ పెనుగులాటలో కండరాలకు ప్రాణవాయువు చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఒంటి వేడి పెరుగుతుంది, కండరాల కణాలు పగిలి అందులోని ఎర్రటి ప్రోటీను రక్తంలో కలుస్తుంది. దానిని వడకట్టలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. పశువైద్యంలో దీనిని క్యాప్చర్ మయోపతి అంటారు. కొన్ని నిమిషాల్లోనే గుండె ఆగిపోవచ్చు, లేదా పైకి కోలుకున్నట్లు కనిపించి రెండు మూడు రోజుల తరువాత పోవచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆడదుప్పిని ట్రాక్టరు తొట్టిలో కాళ్లు కట్టేసి నా దగ్గరికి తెచ్చారు. వెనుక కాలి మీద జానెడు చీరుడు తప్ప మరే దెబ్బా లేదు. కుట్లు వేసి, సెలైను పెట్టి, గెలిచామనుకున్నాను. దానిని చూడాలని వచ్చిన ఊరి జనాన్ని కూడా పొమ్మనలేదు. వైద్యం చేస్తుంటే పదిమంది చూస్తున్నారన్న సంతోషం ఆ వయసులో నాకూ ఉండేది. మరునాటి మధ్యాహ్నం అది పోసిన మూత్రం కాఫీ డికాషను రంగులో ఉంది. సాయంత్రానికి చనిపోయింది. శవపరీక్షలో తొడ కండను కోసి చూస్తే ఎర్రగా ఉండవలసిన మాంసం ఉడికించిన కోడిమాంసంలా పాలిపోయి, చేత్తో తాకితే పొరలు పొరలుగా విడిపోయింది. దానిని చంపింది కాలి గాయం కాదు, ట్రాక్టరు ప్రయాణమూ నా వరండాలో గుమిగూడిన జనమూ కలిసి చంపాయి. అప్పటి నుంచి అడవి జంతువు వచ్చిందంటే నేను మొదట చేసే పని తలుపు మూయడం.

కాబట్టి మళ్లీ ఇటువంటి సందర్భం ఎదురైతే, మొదట మీ బండిని రోడ్డు దిగువకు తీసి, నాలుగువైపులా మినుకుమినుకుమనే లైట్లు వేయండి. దుప్పి కోసం ఆగి మీరు లారీ కింద పడితే ఆ రాత్రి అంబులెన్సు మీకే కావలసివస్తుంది. హెడ్‌లైటు వెలుగు జంతువు కళ్లలో పడకుండా తిప్పండి, పాట ఆపండి. తరువాత ఫోను చేయండి. ఏ అటవీ అధికారి నంబరూ మీ దగ్గర లేకపోతే 112 చాలు, పోలీసులు స్థానిక అటవీ సిబ్బందికి కబురు చేరవేస్తారు. జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా చెప్పండి, గస్తీ వాహనం వచ్చి ట్రాఫిక్‌ను మళ్లిస్తుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962 ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడింది. అడవి జంతువు విషయంలో మొదటి ఫోను అటవీ శాఖకే వెళ్లాలి, పశువైద్యుడిని వారే పిలిపిస్తారు. మీ ప్రాంతపు ఫారెస్ట్ బీట్ ఆఫీసరు నంబరును ఒక పగటిపూట రేంజి కార్యాలయానికి వెళ్లి అడిగి తెచ్చుకుని ఫోనులో పెట్టుకుంటే ఇంత చుట్టుతిరుగుడు ఉండదు. మీరు తరచూ తిరిగే దారి గనుక ఆ మాత్రం శ్రమ పడవచ్చు.

వాళ్లు వచ్చేలోగా చేయగలిగింది తక్కువే. జంతువు రోడ్డు మధ్యలో లేకపోతే కదిలించవద్దు. లేడిదుప్పి అయి, తన్నడం మానేసి పడి ఉంటే, వీపు వైపు నుంచి నెమ్మదిగా వెళ్లి కళ్ల మీద ఒక తువ్వాలు కప్పండి. ముక్కు రంధ్రాలు మూసుకోకూడదు. కళ్లకు చీకటిగా ఉంటే జింక చాలావరకు సద్దుమణుగుతుంది. కొమ్ముల దుప్పి అయితే ఆ ప్రయత్నమే వద్దు, తల ఒక్కసారి విదిలిస్తే మీ పొట్టే దానికి అందుతుంది. పక్కకు వాలి ఉన్నది తనంత తానే రొమ్ము మీదికి లేచి కూర్చుంటే మంచి గుర్తు, కూర్చోనివ్వండి. జనం పోగైతే వారిని దూరంగా నిలబెట్టి మాట్లాడనివ్వకపోవడమే మీరు చేయగల అసలైన వైద్యం. సెల్ఫీ తీసుకునేవారిని తిట్టే అధికారం కూడా ఆ క్షణంలో మీకు ఉందనే నా అభిప్రాయం.

ప్రశ్న: మా నిమ్మతోట పక్క రోడ్డు మీద పట్టపగలు ఒక నక్క తూలుతూ తిరుగుతూ కనిపించింది. బండి గుద్ది ఉంటుందని జాలిపడి మా అబ్బాయి గోనెసంచి వేసి పట్టుకోబోతే వేలు కొరికింది. గాటు చాలా చిన్నది, రక్తం కూడా పెద్దగా రాలేదు. ఇంట్లో పసుపు అద్దాము. నక్క పొదల్లోకి పోయింది. పది రోజులు చూసి సూది వేయించవచ్చునని ఒకరు చెబుతున్నారు. నిజమేనా? (ఒక తల్లి, పొదలకూరు)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం అందిన రోజునే మీకు ఫోనులో చెప్పాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. పది రోజులు చూడమన్న మాట కుక్కకూ పిల్లికీ మాత్రమే, అదీ రేబిస్ (పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు) టీకా మొదలుపెట్టి ఆ జంతువును కళ్లెదుట ఉంచుకుని చూడగలిగినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. నక్క, ముంగిస, తోడేలు, కోతి, అడవిపిల్లి వంటి వాటి విషయంలో చూస్తూ కూర్చోవడమన్న మాటే లేదు. అడవి జంతువు కాటు ఎంత చిన్నదైనా దానిని తీవ్రమైన మూడవ తరగతి కాటుగానే లెక్కించి, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా ఇస్తారు.

కరిచిన వెంటనే చేయవలసింది కుళాయి కింద ధారగా పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసుకుని కడగడం. 15 నిమిషాలంటే చాలాసేపే, చెయ్యి లాగుతుంది, అయినా ఆపకూడదు. రేబిస్ వైరస్ పైపొర సబ్బుకు కరిగిపోతుంది గనుక ఈ ఒక్క పనితోనే చాలా మేలు జరుగుతుంది. పసుపు, సున్నం, కారం, కిరోసిన్ ఏదీ పూయవద్దు. కట్టు బిగించవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28వ రోజుల్లో సూదులు పడతాయి. నొప్పి తగ్గిందనో, పరీక్షలున్నాయనో 28వ రోజు సూదిని ఎగ్గొట్టేవారు ఉన్నారు. ఎగ్గొట్టనివ్వకండి.

ఇక ఆ నక్క. అది బండి గుద్దినది కాకపోవచ్చు. మనిషిని చూస్తే ఆమడ దూరం పారిపోయే జంతువు పట్టపగలు దగ్గరికి వచ్చినా, తూలినా, చొంగ కార్చినా, దవడ వేలాడుతున్నా, కనబడిన దానినల్లా కొరుకుతున్నా రేబిస్ అని అనుమానించవలసిందే. అటువంటి దానిని ఆదుకోవడమంటే జనాన్నీ, ఊరి కుక్కలనూ, మేతకు వెళ్లిన పశువులనూ దాని దారి నుంచి తప్పించి అటవీ శాఖకు చెప్పడం. ఆ రోజు అది మీ గేదెలను గానీ కుక్కను గానీ కరిచిందేమో ఒళ్లంతా తడిమి చూడండి. గాటు కనిపిస్తే వాటికీ వెంటనే సూదులు వేయించాలి.

అదృష్టం కలిసివచ్చినవాడిని చూసి నక్కతోక తొక్కాడంటారు. ఆ మాటను నమ్మి, రోడ్డు మీద చచ్చిపడిన నక్క తోకను కోసుకుని బీరువాలో దాచుకున్న మనిషిని నేను చూశాను. చచ్చిన నక్క చొంగలో, మెదడులో కూడా వైరస్ కొంతకాలం బతికే ఉంటుంది. తోకతో అదృష్టం వస్తుందో రాదో గాని చట్టం ప్రకారం కేసు మాత్రం తప్పకుండా వస్తుంది.

ప్రశ్న: మా ఊరి చెరువు కట్ట పక్కన రోడ్డు మీద ఒక పెద్ద గూడబాతు కరెంటు తీగకు కొట్టుకుని పడింది. రెక్క వేలాడుతోంది. దగ్గరికి పోతే పొడుస్తోంది. పొడవకుండా ముక్కును తాడుతో కట్టేయవచ్చునా? దానికి చేపలు పెట్టవచ్చునా? (ఒక విద్యార్థి, గూడూరు ప్రాంతం)

జవాబు: ముక్కు కట్టేయవద్దు. నీవు అడగడం ఎంతో మంచిదైంది. మిగతా పక్షులకు ముక్కు పైన ఊపిరి పీల్చే రంధ్రాలు కనిపిస్తాయి. గూడబాతుకు అవి దాదాపు మూసుకుపోయి ఉంటాయి, అది నోటితోనే గాలి పీలుస్తుంది. కొక్కెం ముక్కుకు భయపడి తాడు బిగించామంటే ఊపిరాడక మన చేతుల్లోనే పోతుంది. పట్టుకోక తప్పనప్పుడు, పెద్దవాళ్ల సాయంతో, దాని మీద ఒక దుప్పటి వేసి, ఒకరు ముక్కును వేళ్లతో పట్టుకుని ఒక వేలు మధ్యలో ఉంచి సందు వదలాలి. మరొకరు రెక్కలను ఒంటికి ఆనించి, కాళ్లను కింద నుంచి పట్టాలి. ముఖానికి దూరంగా ఉంచుకోవాలి, ఎందుకంటే అది పొడిచేది కళ్లనే.

రొమ్మును గట్టిగా అదమకూడదు. మనకు ఊపిరితిత్తుల కింద విభాజక పటలం ఉండి గాలిని లాగుతుంది, పక్షికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. పావురం అయినా, గూడబాతు అయినా గుప్పిట్లో నొక్కి పట్టుకుంటే, గాయం వల్ల కాకుండా మన పట్టు వల్లనే చస్తుంది.

చేపలు పెట్టవద్దు, నీళ్లు తాగించవద్దు, ఎగురుతుందేమో చూద్దామని పైకి అసలే విసరవద్దు. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె దొరికితే పక్కల గాలి రంధ్రాలు పొడిచి, అడుగున గోనెసంచి పరిచి, అందులో ఉంచి మూత వేసి, నీడలో పెట్టండి. వేలాడే రెక్కను సరిచేయాలని లాగవద్దు. తీగకు తగిలిన పక్షికి కరెంటు కాలుడు కూడా ఉండవచ్చు, అది మొదటి రోజు కనిపించదు, రెండు మూడు రోజులకు చర్మం నల్లబడి బయటపడుతుంది. కాబట్టి రెక్క బాగానే ఉందనిపించినా అప్పగించవలసిందే. చేపల గాలం గొంతులో గుచ్చుకున్న పక్షి దొరికితే దారాన్ని లాగవద్దు, జానెడు వదిలి కత్తిరించండి. ఆ దారం కొస పట్టుకునే వైద్యుడు గాలం ఎక్కడుందో కనిపెడతాడు.

నేలపట్టు పక్షుల కేంద్రం 2022లో మన నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని గూడబాతులు ఆ సంగతి పట్టించుకోకుండా మన చెరువులకు వస్తూనే ఉన్నాయి. అక్కడి రైతులకు అవి కొత్త కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని చెప్పుకుంటారు. మీ ఊరి పెద్దలకు ఈ సంగతి చెబితే అట్టపెట్టె వాళ్లే వెతికి తెస్తారు. పెద్ద చికిత్స అవసరమైతే అటవీ సిబ్బంది తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల వంటి వసతి ఉన్న చోటికి తరలించే ఏర్పాటు చేస్తారు. ఆ ప్రయాణాన్ని మనంతట మనమే బస్సులో పెట్టుకోకూడదు.

ప్రశ్న: కనిగిరి రోడ్డులో బండి చక్రం ఎక్కి డిప్ప పగిలిన నక్షత్ర తాబేలు దొరికింది. ఇంటికి తెచ్చి, పగులును ఎం-సీల్‌తో అతికించి, నీళ్ల తొట్టిలో వేశాను. తాబేలు ఇంట్లో ఉంటే కలిసివస్తుందని మా అత్తగారు పంపనివ్వడం లేదు. (ఒక గృహిణి, పామూరు)

జవాబు: ఈ క్షణమే తొట్టిలో నుంచి తీయండి. నక్షత్ర తాబేలు మెట్ట తాబేలు, మెట్ట పొలాల గట్ల మీద గడ్డి తిని బతికేది, దానికి ఈత రాదు. డిప్ప చెక్కముక్క వంటిదనుకుని అతికించారు. నిజానికి అది దాని వెన్నెముకతో, పక్కటెముకలతో కలిసి పెరిగిన ఎముక. అందులో రక్తం పారుతుంది, తాకితే దానికి తెలుస్తుంది. పగులులో మట్టి, సూక్ష్మజీవులు ఉండగానే పైన సీలు వేస్తే లోపల చీము పడుతుంది. అంటుకున్నదానిని పెకలించే ప్రయత్నం మాత్రం మీరు చేయవద్దు, వైద్యుడికి వదిలేయండి. పొడి అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి ఉంచండి. గాయం మీద ఈగ వాలకుండా పలుచని శుభ్రమైన గుడ్డ కప్పండి. ఈగ గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి.

మీ అత్తగారికి మరొక సంగతి కూడా చెప్పండి. 2022 సవరణ తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. ఆ షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే శిక్ష 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పడవచ్చు. దారిలో దొరికినదైనా, జాలితో తెచ్చినదైనా, వన్యప్రాణి మన స్వాధీనంలోకి వచ్చిన 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలని అదే చట్టం 39వ సెక్షను చెబుతోంది. మీరు ఈ ఉత్తరం రాసి పోస్టులో వేసేసరికే ఆ గడువు దాటి ఉంటుంది. అయినా వెంటనే ఫోను చేసి, పగిలిన డిప్పతో దొరికిందని ఉన్నదున్నట్లు చెప్పండి. స్వయంగా వచ్చి అప్పగించినవారికీ, తనిఖీలో పట్టుబడినవారికీ తేడా ఉంటుంది.

గాయమేమీ లేకుండా రోడ్డు దాటుతున్న తాబేలు కనబడితే పెట్టెతో పని లేదు. రెండు చేతులతో నేలకు దగ్గరగా పట్టుకుని అది ఏ వైపు నడుస్తోందో ఆ వైపు గట్టు మీద దింపండి. వచ్చిన వైపే వదిలితే మళ్లీ రోడ్డెక్కుతుంది, దానికి పట్టుదల ఎక్కువ.

ప్రశ్న: మా బడి పిల్లలు మేకలు కాసే చోట రోడ్డు పక్క పొదలో ఒంటరిగా ఉన్న జింకపిల్లను ఎత్తుకువచ్చారు. తల్లి వదిలేసినట్టుంది. ఆవుపాలు పడుతున్నాము. బడిలోనే పెంచుకోవచ్చునా? (ఒక ఉపాధ్యాయుడు, మార్కాపురం ప్రాంతం)

జవాబు: తల్లి వదిలేయలేదు మాస్టారూ. జింకజాతి తల్లులు ఈనిన కొత్తలో పిల్లను గడ్డిలోనో పొదలోనో దాచి, తాము దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రమే వచ్చిపోతాయి. పిల్లకు వాసన తక్కువ, మచ్చల ఒళ్లు ఎండుటాకుల్లో కలిసిపోతుంది, తల్లి పక్కనే ఉంటే నక్కకు జాడ తెలుస్తుంది. పిల్ల కదలకుండా ముడుచుకుని ఉండడం దాని పుట్టుబుద్ధి, నీరసం అనుకుని మనం పొరపడతాము. చెవులపిల్లి పిల్లలదీ ఇదే కథ.

ఈ రోజే, చీకటి పడకముందే, ఎక్కడ దొరికిందో ఆ పిల్లలనే వెంటబెట్టుకుని వెళ్లి అదే పొదలో దించి, వెనక్కి చూడకుండా వచ్చేయండి. మనిషి వాసన తగిలితే తల్లి చేరనివ్వదన్న మాటను నమ్మవద్దు. మరునాడు తెల్లవారాక ఒకరే వెళ్లి దూరం నుంచి చూడండి. పిల్ల లేకపోతే తల్లి తీసుకుపోయిందని అనుకోవచ్చు. అక్కడే ఉండి అరుస్తూ ఉన్నా, ఒంటి మీద ఈగలు ముసిరినా, సమీపంలో తల్లి కళేబరం కనిపించినా అప్పుడు అటవీ సిబ్బందిని పిలవండి. ఆవుపాలు ఆపండి, జింకపాలకూ ఆవుపాలకూ చిక్కదనంలో చాలా తేడా ఉంది, పారుడు పట్టుకుంటే చిన్న పిల్ల తట్టుకోలేదు. బడిలో పెంచడం చట్టానికి విరుద్ధం. పైగా చేతిపాలతో పెరిగిన మగజింక కొమ్ములు వచ్చాక మనుషుల మీదికే వస్తుంది, తనకు పోటీ మనమేనని అనుకుంటుంది.

ప్రశ్న: మా ఊరి దగ్గర బండి గుద్ది చచ్చిన అడవిపందిని కొందరు పంచుకున్నారు. ఎలాగూ చచ్చినదే కదా, వృథా ఎందుకని వారి వాదన. (పేరు రాయవద్దన్న పాఠకుడు, ఉదయగిరి)

జవాబు: చచ్చినా అది ప్రభుత్వపు సొత్తే, మాంసం దగ్గర పెట్టుకుంటే నేరమే. తెలియని కారణంతో చచ్చిన జంతువు మాంసాన్ని కోసే చేతికీ తినే నోటికీ పురుగుల జబ్బుల ముప్పు వేరే ఉంది.

ప్రశ్న: దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో చిరుతనో, ఎలుగునో దెబ్బతిని పడి ఉండగా చూస్తే దిగవచ్చునా? (ఒక యాత్రికుడు, ఒంగోలు)

జవాబు: దిగవద్దు. అద్దాలు ఎత్తుకుని, బండి కొంత వెనక్కి తీసి, అక్కడి నుంచే ఫోను చేయండి. సిగ్నలు దొరకకపోతే దారిలో ఎదురయ్యే అటవీ చెక్‌పోస్టులో చెప్పండి. స్పృహ తప్పినట్లు పడి ఉన్న చిరుత ఏ క్షణాన లేస్తుందో మత్తుమందు తుపాకీ పట్టిన వైద్యుడికి కూడా తెలియదు. ఎలుగుబంటి గాయపడిందంటే ఇంకా చేటు, పిల్లలు పక్క పొదలోనే ఉండవచ్చు. ఆ దారిలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా వాహనాలను ఆపుతున్నందుకు విసుక్కునేవారి ఉత్తరాలు కూడా నాకు వస్తుంటాయి. పులుల అభయారణ్యం మధ్య నుంచి పోయే రోడ్డు అది. ఆ తొమ్మిది గంటలు జంతువులకు వదిలేయడం వల్లనే ఈ ప్రశ్న మీరు ఇంకా ఊహగా అడగగలుగుతున్నారు.

ప్రశ్న: నేను చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు రాళ్ల లారీ నడుపుతాను. రాత్రి లోడు బండిని రోడ్డు మీద ఆపడం కుదరదు. ఆగకుండానే ఏమైనా చేయగలమా? ఫోను చేస్తే, గుద్దింది నీవేనని మా మీదే కేసు పెడతారేమోనన్న భయం కూడా ఉంది. (ఒక డ్రైవరు)

జవాబు: మీ భయం నాకు అర్థమవుతుంది, చాలామంది నోరు విప్పకపోవడానికి కారణం అదే. చెప్పకుండా వెళ్లిపోయిన బండి టోలుగేటు కెమెరాలో దొరికితే వచ్చే అనుమానం, మీరే ముందు చెప్పినప్పుడు రాదు. ఫోను చేసిన సమయం మీ ఫోనులోనే నమోదై ఉంటుంది, దానిని చెరపవద్దు. మీ బండే గుద్ది ఉంటే ఆ మాటా దాచవద్దు.

ఆగకుండా చేయగలిగింది చాలానే ఉంది. జంతువు కనబడిన చోట కిలోమీటరు రాయి మీది అంకె చూసి గుర్తు పెట్టుకోండి, క్లీనరు పక్కన ఉంటే అతని చేత రాయించండి. ఒంగోలు వైపు అనో, కావలి దాటాక అనో చెబితే చీకట్లో వెతికేవాడికి రెండు గంటలు పడుతుంది, రాయి అంకె చెబితే నేరుగా వస్తాడు. తరువాతి టోలుగేటులో గానీ డాబా దగ్గర గానీ ఆగి 1033కి చెప్పండి. ప్రాణంతో ఉందా, ఏ జంతువు, ఎడమ పక్కా కుడి పక్కా, రోడ్డు మీదా గట్టు మీదా, ఇంత చాలు.

చచ్చిపడిన జంతువు కనబడినా చెప్పండి. రోడ్డు మీది కళేబరాన్ని తినడానికి నక్క వస్తుంది, ఊరకుక్క వస్తుంది, గుడ్లగూబ ఆ చుట్టూ తిరిగే ఎలుకల కోసం వస్తుంది, వెనుక వచ్చే బండి వాటినీ గుద్దుతుంది. ఒక కుందేలు దగ్గర మొదలై తెల్లవారేసరికి మూడు నాలుగు కళేబరాలు పడి ఉన్న చోట్లు నేను చూశాను. మీ హెడ్‌లైటులో ఒక జత కళ్లు మెరిసి రోడ్డు దాటిపోతే వేగం అప్పుడే పెంచవద్దు. దుప్పులు ఒకటి వెనుక ఒకటిగా దాటుతాయి, మొదటిదానిని తప్పించిన డ్రైవరు రెండవదానిని గుద్దడమే ఎక్కువ. లైటు దించి, ఒక్కసారి హారను కొట్టి, అవతలి వైపు పొద కదలడం ఆగేదాకా నెమ్మదిగా పోనివ్వండి.